మెట్ల కింద సంగతి

(విజయవాడలో మా కాలనీ గ్రంథాలయం మేడ మీద ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. మాట్లాడిన పెద్దాయన ఆర్టీసీలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశారు. కండక్టరుగా చేరి, ట్రాఫిక్ కంట్రోలర్‌గా రిటైరయ్యారు. పేరు వేయొద్దన్నారు. ఫోనులో రికార్డు చేసినదాన్ని రాలేకపోయినవాళ్ల కోసం టైపు చేశాం. తడబాట్లు తప్ప మరేమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందుకు జరగండి, ముందుకు జరగండి. ముప్ఫై నాలుగేళ్లు ఇదే మాట చెప్పిన నోరండీ ఇది. బస్సు సగం ఖాళీగా ఉన్నా మనవాళ్లు ఫుట్‌బోర్డు వదలరు. సభకొచ్చినా అంతే, గుమ్మం దగ్గరే ఉంటారు. ఎప్పుడు దిగిపోవాల్సొస్తుందో ఏమో అని.

మన సెక్రటరీ గారు ఫోన్ చేసి, "బాబాయ్, మన ఊరికి లైట్ రైలు వస్తుందంటున్నారు కదా, దాని మీద ఒక గంట మాట్లాడాలి" అన్నాడు. నేనన్నాను, "ఒరేయ్, నేను బస్సు మనిషిని. నన్ను రైలు గురించి మాట్లాడమనడం ఏమిటి?" అని. పక్కన మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, "పేరులోనే లైట్ అని ఉంది గదా, మీరూ లైట్ తీసుకుని నాలుగు ముక్కలు చెప్పి రండి" అంది. సరే, అక్కడ మొదలుపెడతాను. ఎందుకంటే ఈ లైట్ అనే మాటతోనే సగం తికమక.

లైట్ అంటే ఏమిటండీ? తేలికైన రైలా? తూకంలో తేలికేననుకోండి, కొంతవరకు. కానీ అసలు లెక్క తూకం కాదు, జనం. గంటలో ఒక వైపుకు ఎంతమందిని మోస్తుంది అన్నది లెక్క. పెద్ద మెట్రో అంటే గంటకు ముప్ఫై వేలు, నలభై వేలు, అంతకు పైన కూడా మోయగలిగేది. ఢిల్లీలో చూశారు గదా, ఎనిమిదేసి పెట్టెలు. లైట్ అంటే అందులో పావో, మూడో వంతో. రైలు పొట్టి. ప్లాట్‌ఫారం పొట్టి. మలుపులు ఇరుగ్గా ఉన్నా తిరుగుతుంది. రోడ్డు మీదే పట్టాలేసి నడిపే ట్రాము జాతి బళ్లయితే పాతిక మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేవి కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2019లో మెట్రోలైట్ అని చిన్న ఊళ్లకు ఒక నమూనా ఇచ్చింది. మాటవరసకు గంటకు ఎనిమిది వేలమంది అనుకోండి.

ఎనిమిది వేలంటే ఎంతో చెప్పనా? నాకు తెలిసిన భాషలో చెప్తాను. సిటీ బస్సులో కూర్చున్నవాళ్లు, నిలబడ్డవాళ్లు కలిపి అరవై మంది. ఎనిమిది వేలను అరవైతో భాగించండి. గంటకు నూట ముప్ఫై మూడు బస్సులు. అంటే ఇరవై ఏడు సెకన్లకు ఒక బస్సు! బందరు రోడ్డు మీద ఇరవై ఏడు సెకన్లకు ఒక బస్సు పంపాలంటే కంట్రోలర్ ఏం చేయాలి? ఉద్యోగానికి రాజీనామా చేయాలి. కాబట్టి రైలు కావాలా అని నన్నడిగితే, కావాలి. బస్సు మనిషినే అయినా ఆ మాట ఒప్పుకుంటాను. అక్కడ పేచీ లేదు.

ఇక ఇది ఎంతకాలంగా వస్తూ ఉందో మీకు తెలుసు. గబగబా చెప్పేస్తాను. 2014 విభజన చట్టంలో, పదమూడో షెడ్యూల్లో, విశాఖలోనూ విజయవాడ–గుంటూరు–తెనాలి ప్రాంతంలోనూ మెట్రో సంగతి చూడాలని రాశారు. 2015లో ఢిల్లీ మెట్రో వాళ్లు డీపీఆర్, అంటే పూర్తి ప్రాజెక్టు రిపోర్టు, ఇచ్చారు. బస్టాండు దగ్గర మొదలై ఒక దారి నిడమానూరుకు, ఒక దారి పెనమలూరుకు, మొత్తం 26 కిలోమీటర్లు. ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్ గారు సలహాదారు. 2017లో కేంద్రం కొత్త మెట్రో పాలసీ తెచ్చింది, ప్రైవేటు భాగస్వామ్యం ఉండాలంది, మన కాగితం వెనక్కొచ్చింది. అప్పుడు ఇంత ఊరికి అంత మెట్రో ఎందుకు, లైట్ మెట్రో చాలు అన్నారు. దానికీ లెక్కలు వేశారు. అదీ ఆగింది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ కొత్త ప్లాను ఒప్పుకుంది. మొదటి దశలో గన్నవరం దాకా ఒకటి, పెనమలూరు దాకా ఒకటి, కలిపి 38.4 కిలోమీటర్లు, 11 వేల కోట్ల పైచిలుకు. తర్వాతి దశలో అమరావతికి.

ఇన్నేళ్లూ ఎలా ఉందంటే, బస్సుకు బోర్డు పెట్టేశారు. ఇంజను ఆన్‌లో ఉంది. జనం ఎక్కి కూర్చున్నారు, తువ్వాళ్లు వేసి సీట్లు కూడా ఆపుకున్నారు. స్టేషన్ పక్కన వస్తుందని స్థలాలు కొన్నవాళ్లు ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పనులెండి, నవ్వుతున్నారు. డ్రైవరేమో టీకి వెళ్లాడు. వస్తాడు. వచ్చేదాకా మనం ఏం చేయాలి? అదీ నేను మాట్లాడదామనుకున్నది.

మా నాన్నగారు మద్రాసు ట్రాము ఎక్కారు. మనకు మద్రాసే రాజధాని అయిన రోజుల్లో ఏదో కోర్టు పని మీద వెళ్లి, పని అవకపోయినా ట్రాము ఎక్కి వచ్చారు. ఆ సంగతే జీవితాంతం చెప్పేవారు. అక్కడ 1895లో మొదలైంది కరెంటు ట్రాము, 1953 ఏప్రిల్‌లో ఆగింది. అదే ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మనం మద్రాసును వదిలిన ఏడాదే ట్రామూ మద్రాసును వదిలేసింది. మా నాన్న ట్రాము గురించి ఏం చెప్పేవారో తెలుసా? ఎంత స్పీడో చెప్పలేదు, ఎన్ని పెట్టెలో చెప్పలేదు. "రోడ్డు మీద నుంచి అలా కాలు పెడితే లోపల ఉంటామురా" అనేవారు. అలా కాలు పెడితే. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే మన రైలు పైన నడుస్తుంది. స్తంభాల మీద. మామూలు ఎలివేటెడ్ స్టేషన్‌లో కింద లారీలు పోయేంత ఎత్తు వదలాలి, దాని మీద టికెట్ల అంతస్తు, దాని మీద ప్లాట్‌ఫారం. ఎంతవుతుంది? పన్నెండు, పదమూడు మీటర్లు. నాలుగంతస్తుల మేడండీ! రామవరప్పాడు రింగు దగ్గర నుంచి నిడమానూరు దాకా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు డబుల్ డెక్కర్ అంటున్నారు. అంటే కింద రోడ్డు, దాని మీద హైవే ఫ్లైఓవరు, దాని మీద మెట్రో. నాగపూర్లో వార్ధా రోడ్డు మీద అలాంటిది 3.14 కిలోమీటర్లు కట్టారు, గిన్నిస్ బుక్కులో కూడా వేశారు. చూడ్డానికి బ్రహ్మాండం. నాకు కూడా చూడాలనే ఉంది. కానీ ప్రసాదంపాడులో దిగాల్సిన ముసలామె ఎన్ని మెట్లు ఎక్కాలి, ఎన్ని దిగాలి? గిన్నిస్ బుక్కు వాళ్లు అది లెక్కపెట్టరు.

లిఫ్టులుంటాయి అంటారు. ఉంటాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉండి తీరాలి కూడా. లిఫ్టు ఉందా లేదా అన్నది కాదమ్మా, ఎక్కడుంది అన్నది. మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. క్రితం ఏడు మేమిద్దరం వెళ్లాం. మా ఆవిడకు మోకాళ్లు. స్టేషన్ పేరు చెప్పను, ఏ స్టేషన్ అయినా ఒకటే. మేము దిగింది రోడ్డుకు ఎడమవైపు. ఆ పూట పనిచేస్తున్న లిఫ్టు కుడివైపు. ఆవిడ రోడ్డు వంక చూసింది, మెట్ల వంక చూసింది, నా వంక చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం. చివరికి ఆటో ఎక్కాం. ఎన్నో వేల కోట్లు పెట్టి కట్టిన రైలు మా ఆవిడను ఎందుకు పోగొట్టుకుంది? ఒక రోడ్డు దాటడం దగ్గర పోగొట్టుకుంది. రైలు చాలా బాగుందండీ, ఏసీ కూడా. మేమే దాని దాకా వెళ్లలేకపోయాం.

అందుకే అంటున్నాను, రైలు సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు. స్తంభం ఎంత లావుండాలో, పట్టా ఎంత ఎత్తుండాలో వాళ్లకు తెలుసు. మనల్నడిగినా మనకు తెలియదు. మెట్ల కింద సంగతి మనకు తెలుసు. అది మనం చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. ఇంజనీరు గారు కారులో వస్తారు గదా.

ఒక ఉదాహరణ చెప్తాను. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో ఒక సెంటర్లో కొత్తగా బస్ షెల్టరు కట్టారు. ఎవరు కట్టారో వదిలేయండి. స్టీలు కుర్చీలు, పైన రేకు, చక్కగా ఉంది. ప్రారంభోత్సవం అయింది. వారం తర్వాత డ్రైవర్లు వచ్చి కంప్లయింటు: "సార్, అక్కడ జనం ఉండట్లేదు, కానీ ఆపకుండా వెళ్తే వెనకనుంచి కేకలేస్తున్నారు" అని. ఇదేమిట్రా అని మధ్యాహ్నం మూడింటికి నేనే వెళ్లి నిలబడ్డాను. షెల్టరు ముఖం పడమరకి! ఎండ నేరుగా లోపలికి కొడుతోంది. స్టీలు కుర్చీ మీద కూర్చుంటే అట్టు కాలినట్టు కాలుతుంది. జనమంతా షెల్టరు వెనకాల, దాని నీడలో, కాలవ గట్టున నిలబడ్డారు. డ్రైవరుకు కనపడరు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. జనం దాన్ని వాడుకుంటూనే ఉన్నారు చూడండి, వెనక నుంచి.

మన ఊళ్లో ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అన్నారా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మనుషుల సంగతి రోళ్లకేం తెలుసు. మే నెల మధ్యాహ్నం రెండింటికి బందరు రోడ్డు మీద మూడు వందల అడుగులు నీడ లేకుండా నడవండి. తర్వాత మెట్రో ఎక్కుతారో లేదో నాకు చెప్పండి. స్టేషన్ లోపల ఏసీ ఉన్నా లేకపోయినా మనిషి సర్దుకుంటాడు. స్టేషన్ దాకా నీడ ఉండాలి. చెట్టయితే మరీ మంచిది. మెట్రో కట్టేటప్పుడు మొదట కొట్టేది చెట్టునే, ఆఖరున గుర్తొచ్చేది కూడా చెట్టే. ఇవాళ నాటితే రైలొచ్చేసరికి నీడ వస్తుంది. మెట్ల దగ్గర ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి. ఆడవాళ్లు దూరప్రయాణమైతే పొద్దుటినుంచి మంచినీళ్లు తాగడం మానేసి బయల్దేరతారు, నేను బస్టాండులో చూశాను. అమ్మా, మీరు తలూపుతున్నారు, అవునా కాదా? అవును.

సరే, ఇప్పుడు మ్యాపు సంగతి. బోర్డు లేదు, చేత్తో చూపిస్తాను. వంటింట్లో పటకారు ఉంటుంది గదా. దాని రెండు కాళ్లూ కలిసే చోటు పండిట్ నెహ్రూ బస్టాండు అనుకోండి, ఊరికి పడమట. ఒక కాలు ఏలూరు రోడ్డు వెంట గుణదల మీదుగా రామవరప్పాడు, ఎనికేపాడు, గన్నవరం పోతుంది. రెండో కాలు బందరు రోడ్డు మీద బెంజి సర్కిల్, పటమట, కానూరు, తాడిగడప, పోరంకి మీదుగా పెనమలూరు. చూడ్డానికి బాగుంది. ఇప్పుడు చెప్పండి, పటమట అమ్మాయికి రామవరప్పాడులో ఉద్యోగం. బెంజి సర్కిల్ నుంచి హైవే మీద నేరుగా పైకి పోతే ఎంత? నాలుగైదు కిలోమీటర్లు. రైల్లో పోవాలంటే? బస్టాండు దాకా పడమటికి పోవాలి, అక్కడ మారాలి, మళ్లీ తూర్పుకు రావాలి. పటకారు ఒక కొసనుంచి రెండో కొసకి పోవాలంటే కీలు దాకా పోయి రావాల్సిందే. ఆ అమ్మాయి పోతుందా? పోదు.

అందుకని పటకారు కాళ్ల మధ్యలో అడ్డంగా బస్సు తిరగాలి. బెంజి సర్కిల్ స్టేషన్ మెట్ల కింద నుంచి రామవరప్పాడు స్టేషన్ మెట్ల కిందకి, పది నిమిషాలకొకటి. ఇది చిన్న పనే. కానీ బస్సు తిరగడానికి మెట్ల కింద చోటుండాలి. స్టేషన్ కట్టేశాక చోటు రాదు. ఆ బస్సు ఆగే గూడు ఇవాళ డ్రాయింగులో ఉండాలి.

ఇంకో సంగతి, కొంచెం కష్టమైన సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. స్త్రీశక్తి. సిటీ బస్సుల్లో కూడా. మంచిదే, మా కోడలు నెలకు ఎంత మిగులుతోందో లెక్క రాస్తోంది. కానీ బందరు రోడ్డు మీద కింద ఉచిత బస్సు పోతుంటే, నాలుగంతస్తులు ఎక్కి ముప్ఫై రూపాయలిచ్చి పైన రైలెక్కేదెవరు? ఏమంటారు? ఏసీ కోసం కొందరు, టైము కోసం కొందరు. మిగతావాళ్లు? మా డిపోలో ఓఆర్ అనేవాళ్లం, ఎన్ని సీట్లకు ఎంతమంది ఎక్కారన్న లెక్క. ఆ ఓఆర్ పడిపోతే పైవాళ్లు వచ్చి కండక్టరును తిట్టేవాళ్లు, రూటు వేసినవాణ్ణి ఎవరూ తిట్టరు. రేపు రైలుకూ అదే జరుగుతుంది. బస్సూ రైలూ ఒకే రోడ్డు మీద ఒకే పాసింజరు కోసం పోట్లాడుకుంటే ఇద్దరూ నష్టపోతారు. బస్సు అడ్డంగా పోవాలి, రైలు నిలువుగా పోవాలి. టికెట్ ఒకటే ఉండాలి. బస్సులో ఉచితంగా వచ్చిన ఆడకూతురికి రైల్లో ఎంతో కొంత తగ్గించాలి. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఉంటారు, డబ్బులెవరిస్తారు అంటారు. ఎవరో ఒకరు ఇవ్వాలి, ఖాళీ రైలు తిప్పినా డబ్బులు ఖర్చే గదా.

పైగా రైలు పోని చోట్లు చూడండి. సింగ్ నగర్ పోదు. వన్ టౌన్ లోపలికి పోదు. భవానీపురం, విద్యాధరపురం పోదు. ఊళ్లో పొద్దున్నే పనికి బయల్దేరే జనం ఎక్కువ ఎక్కడున్నారో నాకు తెలుసు, మొదటి ట్రిప్పు బస్సులు నేను పంపాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మొత్తం దేశం చూసింది అక్కడ ఎంతమంది ఉన్నారో. రైలు పట్టాలు ఈ ఊరికి ఇంత పేరు తెచ్చాయి, ఇదే పట్టాలు ఊరిని ముక్కలు చేశాయి కూడా. సింగ్ నగర్ మనిషి మెట్రో ఎక్కాలంటే ముందు పాత రైలు పట్టాలు దాటాలి. వాళ్లకు రైలు రేపే రాకపోవచ్చు. రైలు దగ్గరికి తీసుకెళ్లే బస్సు రేపే ఇవ్వొచ్చు.

బీఆర్టీఎస్ రోడ్డు గుర్తుందా? అదిగో, మాస్టారు నవ్వుతున్నారు. సత్యనారాయణపురంలో. బస్సుల కోసం మధ్యలో ప్రత్యేకంగా దారి. ఎంత హడావిడి! ఇప్పుడు ఏం మిగిలింది? పేరు మిగిలింది. సాయంత్రం వాకింగు బాగుంటుంది, టిఫిన్ బళ్లు బాగుంటాయి. "ఎక్కడుంటారండీ?" అంటే "బీఆర్టీఎస్ రోడ్డు" అంటారు. ఆ అక్షరాల్లో బస్సు ఉందని సగం మందికి తెలియదు. దారి వేయడం ఒక పని, దాన్ని రోజూ నడపడం ఇంకో పని. ఇథియోపియాలో అడిస్ అబాబా అని రాజధాని. 2015లో లైట్ రైలు వేసుకున్నారు, రెండు లైన్లు, 41 రైళ్లు. కొన్నేళ్లకే స్పేరు పార్టులు లేక అందులో సగానికి పైగా షెడ్డులో పడ్డాయి. నాకు ఆ సంగతి చదివినప్పుడు మా డిపో గుర్తొచ్చింది. కొత్త బస్సొస్తే కొబ్బరికాయ కొట్టి హారతిస్తాం. ఆరేళ్ల తర్వాత ఒక బేరింగు కోసం ఆ బస్సే నెల రోజులు నిలబడుతుంది. అప్పుడు హారతివ్వడానికి ఎవరూ రారు.

కాస్త నీళ్లివ్వమ్మా. థాంక్స్.

ఇప్పుడు నాకు ఇష్టమైన సంగతి, పేర్లు. స్టేషన్ల పేర్లు. పేపర్లో వచ్చిన జాబితాలో పడవల రేవు అని ఒక స్టేషనుంది. ఏలూరు రోడ్డు మీద. ఎంత ముద్దొచ్చిందో నాకు! మన పిల్లలకు తెలుసా అక్కడ పడవలెందుకని? కృష్ణకు ఆనకట్ట కట్టింది 1855లో. దాంతో వచ్చిన కాలవలు పొలాలకే కాదండీ, పడవలకు కూడా. ఏలూరు కాలవలో పడవెక్కితే ఏలూరు పోయేవాళ్లు, అక్కడ గోదావరి కాలవ కలుస్తుంది, అటునుంచి అటే పోవచ్చు. ఇటు కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హాం కాలవలో పడితే మద్రాసు. ధాన్యం, ఉప్పు, పెళ్లివారు, నాటకాలవాళ్లు అందరూ పడవల్లోనే. లాకుల దగ్గర నీళ్లు సమం అయ్యేదాకా ఆగడం. ఏలూరు లాకులు అన్న పేరు అందుకే. అంటే ఈ ఊళ్లో పట్టాల కన్నా ముందు, బస్సుల కన్నా ముందు, జనాన్ని మోసిన బండి పడవ. కృష్ణ మీద రైలు వంతెన 1893లో గాని రాలేదు. ఇప్పుడు అదే కాలవ పక్కన, అదే రేవు పేరుతో, పైన రైలు ఆగుతుందంటే! కాబట్టి ఎవరో వచ్చి ఆ పేరు తీసి ఇంకేదో పెడతానంటే మనం ఒప్పుకోకూడదు. నాకైతే ఆ స్టేషన్ గోడ మీద ఒక పడవ బొమ్మ ఉండాలని ఉంది. కొచ్చిలో ఒక్కో స్టేషన్ లోపల కేరళ సంగతి ఒక్కోటి బొమ్మలుగా వేశారు. మనకు సంగతులు తక్కువా? రామవరప్పాడు దాటితే అన్నీ మామిడితోటలుండేవి, అవి ఎలాగూ పోయాయి, కనీసం గోడ మీదన్నా ఉండనివ్వండి.

పేర్లలో ఇంకో చిక్కుంది. మన ఊళ్లో సెంటర్లు సినిమా హాళ్ల పేర్ల మీద నడుస్తాయి. హాలు పడగొట్టి పదేళ్లయినా కండక్టరు ఆ పేరే అరుస్తాడు, జనం ఆ పేరే చెప్పి దిగుతారు. స్టేషన్‌కి కాగితం మీద ఏ పేరు పెట్టినా, కింద ఆటోవాడు ఏ పేరు అరుస్తాడో అదే దాని పేరు. మాచవరం డౌన్ అని ఉంది జాబితాలో. డౌన్! ఏ ఆఫీసరూ కూర్చుని పెట్టిన పేరు కాదది, రోడ్డు దిగే చోటని జనం పెట్టుకున్నది. దాన్ని అలాగే రాశారు, సంతోషం.

ఆటోవాళ్లంటే గుర్తొచ్చింది. మెట్ల కింద ఆటోలు నిలబడతాయి. నిలబడొద్దంటే నిలబడకుండా ఉంటాయా? పూలమ్మే ఆవిడ వస్తుంది, పునుగుల బండి వస్తుంది, జామకాయలు వస్తాయి, సెల్‌ఫోను కవర్లు వస్తాయి. జనం దిగే చోట బండి వస్తుంది. వీళ్లను లాఠీతో తరమడానికి మనిషిని పెట్టుకుంటే రోజూ తరమాలి. చోటు గీసిస్తే ఒక్కసారి గీస్తే చాలు. ఆటోలకు ఒక గీత, బళ్లకు ఒక గీత, నడిచేవాళ్లకు మూడు మీటర్లు ఖాళీ. రాత్రి పదింటికి ఆఖరి రైలు దిగిన ఆడపిల్లకు ఆ పునుగుల బండి లైటే ధైర్యం. సీసీ కెమెరా కన్నా బండి దగ్గర నిలబడ్డ నలుగురు మనుషులు ఎక్కువ. నేను రాత్రి డ్యూటీలు చేసినవాణ్ణి, నమ్మండి.

కట్టే రోజుల గురించి కూడా ఒక మాట. హైదరాబాదులో 2012లో పనులు మొదలుపెడితే మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది. మనకూ తక్కువ పట్టదు. బెంజి సర్కిల్ ఫ్లైఓవరు కట్టిన రోజుల్లో ఎంత తిట్టుకున్నామో గుర్తుందిగా? ఇది దానికి పదింతలు. ఏలూరు రోడ్డు మీదా బందరు రోడ్డు మీదా నడిమధ్యలో రేకులు కట్టేస్తారు. షాపులవాళ్లకు బేరాలు పడిపోతాయి. ఆ రోజుల్లోనే అసలు బస్సులు పెంచాలి. రోడ్డు సగమైనప్పుడు కార్లకిచ్చినంత చోటే బస్సుకిస్తే ఎట్లా? అప్పుడు స్కూటరు కొనుక్కున్నవాడు రైలొచ్చాక స్కూటరు అమ్ముతాడా? అమ్మడు. ఈఎంఐ కూడా అయిపోయి ఉంటుంది.

ఏమిటండీ? బిగ్గరగా. ఆఁ, మొదటిరోజు ఎక్కుతారా అని అడుగుతున్నారు. ఎక్కను! ఢిల్లీలో 2002 డిసెంబరులో షాహ్‌దరా నుంచి తీస్ హజారీ దాకా, ఎనిమిది కిలోమీటర్ల మీద చిల్లర, మొదటి లైను తెరిచినప్పుడు పని ఉన్నవాళ్లకన్నా చూడ్డానికొచ్చినవాళ్లే ఎక్కువ. తోసుకుని తోసుకుని ఎక్కారు. మనవాళ్లు ఊరుకుంటారా? పుష్కరాలకు వచ్చినట్టు వస్తారు, పులిహోర పొట్లాలతో. నేను మూడో నెల్లో ఎక్కుతాను. మంగళవారం, మధ్యాహ్నం రెండింటికి, మా ఆవిడతో. పోరంకిలో మా మరదలు ఉంది, అక్కడికి. ఆ పూట ఎస్కలేటర్ తిరుగుతోందా, లిఫ్టు మా వైపే ఉందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా, కింద బస్సు ఉందా, అవి చూస్తాను. మొదటిరోజు అన్నీ పనిచేస్తాయండీ. మొదటిరోజు మంత్రి గారు ఉంటారు గదా.

ఇక ఆపేస్తాను, టీ వచ్చినట్టుంది, వాసన వస్తోంది. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాను. వచ్చే ఆదివారం లోపల ఒక పని చేయండి. మీ గుమ్మం నుంచి మీకు దగ్గర పడే స్టేషన్ చోటు దాకా నడవండి. మధ్యాహ్నమే నడవండి, పొద్దున్న వాకింగులో కాదు. ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. ఎక్కడ ఫుట్‌పాత్ ఆగిపోయింది, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మరు అడ్డొచ్చింది, ఎక్కడ డ్రైనేజీ మూత లేదు, ఎక్కడ కుక్కలున్నాయి, ఎక్కడ నీడుంది, అంతా ఆ పుస్తకంలో రాయండి. పేరు అక్కర్లేదు, వీధి పేరు చాలు. నాది మొదటి పేజీలో రాశాను: పదకొండు వందల నలభై అడుగులు, నాలుగు చోట్ల రోడ్డు మీదికి దిగాల్సొచ్చింది, నీడ రెండు చోట్ల, అందులో ఒకటి ఎవరిదో పందిరి. పెన్ను దారంతో కట్టాను, దయచేసి పట్టుకుపోకండి.